మెనూ ఐకాన్ల సైజు: 16 పిక్సెళ్ల దగ్గరే ఆపాలా, అక్షరాలతో పాటు పెంచాలా?

మెనూకర్త

విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడవాల్సిన డెస్క్‌టాప్ అప్లికేషన్ ఒకటి రాస్తున్నాం. మెనూలో మాట పక్కన వచ్చే ఐకాన్ ఎంత ఉండాలన్న దగ్గర టీమ్ రెండుగా చీలింది. కొందరు 16 పిక్సెళ్లు అని కోడ్‌లోనే రాసేద్దాం అంటున్నారు. స్క్రీన్ స్కేలింగ్ (తెర మీద అన్నిటినీ కలిపి పెంచే సెట్టింగ్) 125 శాతం అయితే 20, 150 అయితే 24, 200 అయితే 32, అంతే. మిగతావాళ్లం ఒక్క ఎస్‌వీజీ (ఏ సైజుకైనా సాగే గీతల బొమ్మ ఫైల్) పెట్టుకుని, మెనూలో అక్షరం ఎంత ఎత్తుంటే ఐకాన్‌నీ అంత ఎత్తు చేద్దాం అంటున్నాం.

నేను ఎందుకు ఇటు ఉన్నానో చెబుతాను. చూపు తగ్గినవాళ్లలో చాలామంది స్కేలింగ్ జోలికి పోరు, అక్షరాల సైజు మాత్రమే పెంచుకుంటారు. విండోస్‌లో దానికి విడిగా సెట్టింగ్ ఉంది, 225 శాతం దాకా పెంచుకోవచ్చు. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లోనూ పెద్ద అక్షరాలకు స్విచ్ ఉంది. అలా పెంచుకున్నవాళ్ల మెనూలో మాటలు రెండింతలైనా ఐకాన్ 16 దగ్గరే ఉండిపోతే, అసలు సాయం కావాల్సిన మనిషికే అది కనబడదు. మీరేమంటారు?

గ్రిడ్‌గీత

ఐకాన్లు గీయడమే నా పని, అందుకే కాస్త పెద్ద జవాబు.

మీ ఉద్దేశం మంచిదే, కానీ ఒక్క ఎస్‌వీజీతో పని జరగదు. 16 గడుల్లో గీసిన బొమ్మలో గీత మందం సరిగ్గా 1 పిక్సెల్ ఉంటుంది, గడి అంచుకు సరిపోయేలా కూర్చుంటుంది. దాన్ని 18కి సాగదీస్తే మందం 1.125 అవుతుంది. స్క్రీన్ మీద పావు పిక్సెల్, అరపిక్సెల్ ఉండవు కాబట్టి ఆ గీత పక్క పిక్సెల్‌లోకి లేత బూడిద రంగులో కారుతుంది. ఒక గీత స్పష్టంగా, దాని పక్కది మసగ్గా వస్తుంది. ఫైల్, సేవ్, ప్రింట్ లాంటి చిన్న పెట్టెల బొమ్మల్లో ఇది వెంటనే కంట్లో పడుతుంది. అక్షరాలకైతే చిన్న సైజుల్లో పిక్సెళ్లకు సర్దుకునేలా ఫాంట్‌లో హింటింగ్ ఉంటుంది. ఎస్‌వీజీలో అలాంటి ఏర్పాటు లేదు. అందుకే 20 కావాలంటే 16ను సాగదీయం, 20 గడుల మీద మళ్లీ గీస్తాం. విండోస్ ఐకాన్ ఫైల్‌లో ఒకే బొమ్మ 16, 32, 48, 256 అని పక్కపక్కన ఉండేది ఇందుకే. లినక్స్ ఐకాన్ థీముల్లో 16, 22, 24, 32లకు వేరువేరు ఫోల్డర్లు ఉండేదీ ఇందుకే.

ఇంకో మాట. "అక్షరం ఎత్తు" అంటే ఏ ఎత్తు? కోడ్‌లో తేలిగ్గా దొరికేది వరుస ఎత్తు. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు ఫాంట్ కంటే వరుస ఎత్తు ఎక్కువ కావాలి. అంటే మీ అప్లికేషన్‌ను తెలుగులోకి మార్చగానే, ఎవరూ అడగకుండానే ఐకాన్లు ఉబ్బుతాయి. మళ్లీ ఇంగ్లీషులో పెడితే చిక్కిపోతాయి. వాడేవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోలేదు, మరి సైజు ఎందుకు మారాలి?

టూల్‌కిట్_అడుగు

మీ ఇద్దరి వాదనలోనూ లేని సంగతి ఒకటుంది. 16 అనే అంకెను మీరు రాయకూడదు, సిస్టమ్‌ను అడగాలి. క్యూటీ అనే టూల్‌కిట్‌లో (అంటే విండోలు, మెనూలు గీసిపెట్టే లైబ్రరీలో) చిన్న ఐకాన్ సైజు ఎంతో స్టైల్ చెబుతుంది. విండోస్‌లో సిస్టమ్ మెట్రిక్స్, అంటే సిస్టమ్ కొలతలు అడిగే ఫంక్షన్లు, చెబుతాయి. అయితే పాత ఫంక్షన్ ఏ మానిటర్ మీద ఉన్నారో చూడదు. విండోను 100 శాతం మానిటర్ నుంచి 150 శాతం మానిటర్ మీదకు లాగితే అది అదే పాత అంకె ఇస్తుంది. డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో) ఇచ్చి అడిగే ఫంక్షన్ విండోస్ 10లో 1607 వెర్షన్‌తో వచ్చింది, దాన్నే వాడండి.

మ్యాక్‌లో కథ వేరు. మెనూకు మీరు ఎంత బొమ్మ ఇస్తే అంతా చూపిస్తుంది, తనంతట తాను కుదించదు. 64 పిక్సెళ్ల పీఎన్‌జీ అలాగే ఇస్తే ఆ వరుస ఒక్కటీ లావుగా నిలబడుతుంది. జావా వాళ్ల టూల్‌కిట్ స్వింగ్ కూడా అంతే. విండోస్ టూల్‌కిట్ విన్‌ఫార్మ్స్ దీనికి తలకిందులు: ఏం ఇచ్చినా 16కి 16లో ఇరికిస్తుంది, కావాలంటే ఆ హద్దును మీరే మార్చుకోవాలి.

కీబోర్డు_మాత్రమే

అసలు మెనూలో ఐకాన్లు ఎందుకండీ? గ్నోమ్ 2009లోనే, 2.28 వెర్షన్‌లో, వాటిని మామూలుగా కనబడకుండా ఆపేసింది. మ్యాక్‌లో 2025లో వచ్చిన 26వ వెర్షన్ మాత్రం చాలా కమాండ్లకు కొత్తగా తగిలించింది. ప్రతి వరుసకూ బొమ్మ ఉంటే కంటికి ఏదీ విడిగా తగలదు. మాట చదవడమే త్వరగా అవుతుంది.

మెనూకర్త

కీబోర్డు_మాత్రమే గారూ, ప్రతి వరుసకూ పెట్టడం లేదు. టూల్‌బార్‌లో ఉన్న కమాండ్లకే మెనూలోనూ అదే బొమ్మ. రెండు చోట్లా ఒకటే అని గుర్తుపట్టడానికి అది చాలు. బొమ్మ లేని వరుసల్లోనూ ఆ జాగా ఖాళీగా వదులుతున్నాం, మాటలన్నీ ఒకే గీతన మొదలవ్వాలని.

గ్రిడ్‌గీత గారూ, తెలుగు వరుస ఎత్తు గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ దాంతో నా అసలు వాదన పోదు. వరుస ఎత్తు కొలవడం మానేసి, వాడేవాళ్లు అక్షరాలను ఎన్ని రెట్లు పెంచుకున్నారన్నది తీసుకుందాం. సిస్టమ్ ఇచ్చిన చిన్న ఐకాన్ సైజును దాంతో గుణిద్దాం. భాష మారినా ఆ రెట్లు మారవు కాబట్టి సైజూ మారదు. వచ్చిన అంకెకు సాగదీయకుండా, మీరు గీసిన 16, 20, 24, 32ల్లో దానికంటే చిన్నదాన్ని తీసుకుందాం. మరి ఇప్పుడు?

గ్రిడ్‌గీత

ఇది నయం. కానీ "చిన్నదాన్ని" అన్న దగ్గర నేను ఆగుతాను. స్కేలింగ్ 150, అక్షరాలు 125 శాతం అనుకోండి. 24ను 1.25తో గుణిస్తే 30. మీ పద్ధతిలో మళ్లీ 24కే దిగిపోతుంది. అంటే ఆ మనిషి అక్షరాలు పెంచుకున్నా ఐకాన్ కదలదు, మీరు మొదట చెప్పిన బాధే మిగులుతుంది. దగ్గరగా ఉన్నది 32 కదా, అదే ఇవ్వండి. లినక్స్ ఐకాన్ థీముల నియమాల్లో దీనికి దారి ముందే ఉంది: అడిగిన సైజుకు 2 పిక్సెళ్ల లోపు తేడా ఉంటే గీసిన బొమ్మను సాగదీయకుండా వాడుకోమని ఫోల్డర్‌కు గుర్తు పెట్టొచ్చు.

32 దాటాక మాత్రం మీ ఎస్‌వీజీకి నా అభ్యంతరం లేదు. అక్కడ గీత 2 పిక్సెళ్లు ఉంటుంది. 36కి పెంచితే 2.25 అవుతుంది, అంచు కొద్దిగా మెత్తబడుతుంది తప్ప గీత గీతలాగే ఉంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. సైజు సరిగ్గా ఉన్నా ఒక ఐకాన్ చిన్నగా కనిపిస్తోందంటే ముందు ఫైల్ లోపలి ఖాళీ చూడండి. 16లో చుట్టూ ఒక గడి వదిలితే బొమ్మకు మిగిలేది 14, రెండేసి వదిలితే 12. వేరువేరు సెట్ల నుంచి ఐకాన్లు తెచ్చి కలిపినప్పుడు వచ్చే తేడా ఎక్కువగా ఇదే, కోడ్ ఎంత సర్దినా పోదు.

టూల్‌కిట్_అడుగు

30 చోట 32 ఇస్తే వరుస ఎత్తు కూడా ఆ 32 చూసే లెక్కగట్టాలి. లేకపోతే కొన్ని టూల్‌కిట్లు ఆ 2 పిక్సెళ్లనూ కుదించి పెడతాయి, మసక మళ్లీ వస్తుంది. 125, 175 శాతం స్కేలింగ్‌ల్లో తప్పకుండా పరీక్షించండి. 100, 200ల్లో అన్నీ బాగానే కనిపిస్తాయి.

మెనూకర్త

దగ్గరి సైజే తీసుకుందాం, ఒప్పుకున్నాను. 28 కూడా గీయమని అడగాల్సి వస్తుందేమో గ్రిడ్‌గీత గారూ. 175 శాతానికి లెక్క సరిగ్గా అక్కడే వచ్చి ఆగుతోంది. 24కీ 32కీ మధ్యలో ఉంది, ఎటు చూసినా 4 తేడా.