కిడ్నీ మార్పిడి తర్వాత హెపటైటిస్ బి టీకా పట్టలేదు: మందుల వల్లనా, ఐసు వల్లనా?

ఉదయగిరిలో ఉండే మా బాబాయికి కిడ్నీ మార్పిడి జరిగి 14 నెలలు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులు: టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ప్రెడ్నిసోలోన్ 5 మి.గ్రా. ఆరో నెల దాటాక టీకా మొదలు. 0, 1, 2, 6 నెలల్లో 40 మైక్రోగ్రాముల చొప్పున, భుజం కండకే. ఆఖరి డోసైన ఆరు వారాలకు యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకాకు రక్తంలో పుట్టిన రక్షణ యాంటీబాడీల మోతాదు) 4. కనీసం 10 ఉండాలి గదా. (ల్యాబువాళ్లు మొదట సర్ఫేస్ యాంటిజన్ (వైరస్ పైపొర ప్రోటీన్) పరీక్ష చేసి నెగెటివ్ అని చేతిలో పెట్టారు. అది జబ్బు ఉందో లేదో చెప్పేది, రక్షణ సంగతి కాదు.)

మైకోఫెనోలేట్ యాంటీబాడీలను అణిచేస్తుందని తెలుసు. దాన్ని తగ్గిస్తే కిడ్నీకే ముప్పు, ఆ ఆలోచన లేదు. నా అనుమానం వేరే. రెండు డోసులు నెల్లూరు నుంచి ఐసుగడ్డల మధ్యే వచ్చాయి. ఈ టీకా 2-8 డిగ్రీల్లో ఉండాలి, గడ్డకడితే పనికిరాదు, కరిగాక చూపుకు తెలియకపోవచ్చు.

మళ్లీ నాలుగు డోసులూ వేయించాలా, ఒకటి వేసి టైటర్ చూస్తే చాలా? నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ టైటర్ అంకెల్లో ఇచ్చే ల్యాబు ఏది? ఐసు తగలకుండా ఉదయగిరి దాకా ఎట్లా తెస్తున్నారు?