మంచాన పడిన మనిషి పక్కన కూర్చుని సువార్త చెప్పవచ్చా?

మల్లెపందిరి

అందరికీ వందనాలు. ఈ ప్రశ్న మా సంఘంలో అడిగితే ఒక జవాబు వస్తుంది, మా వీధిలో అడిగితే దానికి సరిగ్గా ఎదురు జవాబు వస్తుంది. ఇక్కడ విశ్వాసులూ ఉన్నారు, కానివారూ ఉన్నారు కనుక ఇక్కడే అడుగుతున్నాను.

మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండే అక్క నాకు 19 ఏళ్ళుగా తెలుసు. శ్రావణ శుక్రవారం ఆమె నాకు శనగలు, తాంబూలం తెచ్చి ఇస్తుంది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి అరిసెలు, కేకు వాళ్ళింటికి వెళతాయి. ఇన్నేళ్ళలో నా విశ్వాసం గురించి ఆమెతో ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడలేదు. పోయిన నెల వాళ్ళాయనకు మెదడులో రక్తనాళం చిట్లింది. ఐసీయూ బయట కూర్చుని ఉండగా నా చేయి పట్టుకుని, "మీ దేవుడికి కూడా చెప్పమ్మా" అంది. అక్కడే కళ్ళు మూసుకుని మెల్లగా ప్రార్థన చేశాను. ఇప్పుడు ఆయన మామూలు వార్డుకు వచ్చారు. కుడి చేయి మాత్రం ఇంకా లేవడం లేదు.

"తలుపు తెరుచుకుందమ్మా, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతావు? ఆదివారం కూడికకు తీసుకురా" అని మా సంఘ పెద్ద ఒకాయన అంటున్నారు. నాకు అడుగు పడడం లేదు. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా ఆమె చేస్తుంది. ఒకరు చెప్పారని తాయెత్తు కట్టించింది, ఇంకొకరు చెప్పారని దర్గాకు వెళ్ళివచ్చింది, మరొకరు చెప్పారని శాంతి చేయించింది. ఆ వరుసలో నాలుగోదిగా యేసును నిలబెట్టడానికి నాకు మనసు రావడం లేదు. అలాగని ఈ 19 ఏళ్ళ మౌనం మర్యాదా, పిరికితనమా అన్న ప్రశ్న కూడా రాత్రుళ్ళు నిద్రపోనివ్వడం లేదు. చెప్పమంటారా, ఆగమంటారా?

పాతకీర్తన

చెల్లెమ్మా, చెప్పండి. నేను 40 ఏళ్ళు ఆదివారపు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. మీ భయం నాకు తెలియనిది కాదు. కానీ ఒక్కటి అడుగుతాను. మీకు ఆసరాగా నిలిచినదని మీరు నమ్మేదాన్ని, ఆసరా లేక కూలబడిన మనిషికి చెప్పకుండా దాచుకోవడం ఏ ప్రేమ?

దోర్నకల్ బిషప్ అజరయ్యగారి సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని మన మధ్య పని చేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. బాప్తిస్మం పొందేవారిచేత తమ తలమీద తామే చేయి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అన్న పౌలు మాట పలికించేవారు. అలా పలికినవారిలో ఎక్కువమంది చదువు రాని కూలీలు. సమయం చూసుకుని చెబుదామని వాళ్ళు ఎవరూ అనుకోలేదు. నేను అనుకున్నాను ఒకసారి. నాతో కలిసి పని చేసిన మిత్రుడు మంచాన పడినప్పుడు, కోలుకున్నాక తీరిగ్గా మాట్లాడదామని ఆగాను. ఆయన కోలుకోలేదు. 11 ఏళ్ళయింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళలేను.

వేపచెట్టునీడ

నేను హిందువును. పెద్దాయన బాధ నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మంచం పక్కన అవతలివైపు కూర్చున్నవాణ్ణి కూడా ఒకసారి వినండి.

మా అమ్మ చివరి మూడు వారాలు ఆసుపత్రిలో గడిపింది. రోజు విడిచి రోజు ఇద్దరు ముగ్గురు వచ్చి మంచం మంచానికీ తిరిగి ప్రార్థన చేసేవారు. మొదటి రోజు అమ్మ చేతులు జోడించింది, నేనూ ఏమీ అనలేదు. ఎవరు ఏ పేరుతో పిలిచినా మంచి కోరుతున్నారు కదా అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు ఒకాయన అమ్మ నుదుటిమీద చేయి పెట్టి, "ప్రభువా, ఈ అన్యురాలిని కనికరించు" అన్నాడు. అమ్మ మగతలో లేదు, విన్నది. వాళ్ళు వెళ్ళాక నన్ను అడిగింది: "అన్యురాలంటే పరాయిదనేనా నాయనా?" ఆ సాయంత్రం మళ్ళీ వాళ్ళను రానివ్వవద్దని వార్డు వాళ్ళకు చెప్పాను.

అది మీ గ్రంథంలోని మాటేనని, తిట్టు కాదని తరువాత ఒక క్రైస్తవ మిత్రుడు చెప్పాడు. కాకపోవచ్చు. కానీ ప్రాణం పోతున్న మనిషిని ముందు పరాయిదాన్ని చేసి, ఆ తరువాత దగ్గరకు తీసుకుంటామనడం ఏమిటి?

మల్లెపందిరిగారూ, మీ అక్క మిమ్మల్ని ప్రార్థించమంది. మీరు చేశారు. అందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు. "నా మతంలోకి రా" అన్న అర్థం వచ్చేది ఏదైనా ఇప్పుడు అంటే మాత్రం, ఆ ప్రార్థన బయానా అవుతుంది.

నల్లకోటు

చట్టం సంగతి ఒక్క ముక్కలో. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అనుసరించడంతోపాటు ప్రచారం చేసే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు, నీ విశ్వాసంలోని విషయాలు వివరించే హక్కు నీకు ఉంది, ఎదుటి మనిషిని మార్చే హక్కు మాత్రం అందులో లేదు అన్నది. ఆ గీత సరిగ్గా ఎక్కడ పడుతుందన్నదానిమీద నేటికీ వాదనలు ఉన్నాయి. పక్కింటి అక్కతో వంటింట్లో మాట్లాడడం ఆ గీతకు ఇవతలే ఉంటుంది. కానీ మీరు అడిగింది చట్టం గురించి కాదని తెలుసు.

గుండ్లకమ్మ ఒడ్డు

మాది ఒంగోలు ప్రాంతం. మల్లెపందిరిగారి ప్రశ్ననే దాదాపు 150 ఏళ్ళ క్రితం మా ప్రాంతంలో చాలా పెద్ద ఎత్తున ఎదుర్కోవలసి వచ్చింది. అది చెప్పకుండా ఉండలేను.

ధాత కరువు వచ్చింది 1876లో. రెండేళ్ళు ఊళ్ళకు ఊళ్ళు మాడిపోయాయి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఒంగోలులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ, ఊరికే గంజి పోయడం కంటే పని చూపించడం మేలని, కరువు పనిగా తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది వచ్చి తవ్వారు. పని చూసే మేస్త్రీలు చాలామంది ఆయన దగ్గరి బోధకులే. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వాళ్ళతో మాట్లాడేవారు, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న" వారిని రమ్మన్న వాక్యం చెప్పేవారు. కనుక నోరు మూసుకున్నారని ఎవరూ అనలేరు.

కానీ బాప్తిస్మం ఆపేశాడు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. అడిగినవారు లేక కాదు, గుంపులుగా అడిగారు. తిండి పెట్టే చేయి చూసి వస్తున్నారా, విశ్వసించి వస్తున్నారా అన్నది కరువులో తేల్చడం సాధ్యం కాదని ఆపాడు. 1878లో సహాయపు పని అయిపోయాక, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో జనం చేరారు. ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళండి అన్నాడు. డబ్బు అడగడం లేదు, మా చేతుల బొబ్బలు చూడండి, కష్టపడి బతికాం, ఇకముందూ బతుకుతాం, పంట పోతే చస్తాం, కానీ క్రైస్తవులుగా చస్తాం అని వాళ్ళు అన్నారట. క్లౌ తన జీవితకథలో రాసుకున్న సంగతి ఇది. ఆ జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఆ ఏటిలో బాప్తిస్మం పొందారు.

ఈ కథను మా వాళ్ళు ఎప్పుడూ ఆ 2,222తో మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. నాకు మాత్రం అంతకు ముందు ఆగిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. చెప్పడం ఆపలేదు. జవాబు తీసుకోవడం ఆపాడు. మీ సంఘ పెద్ద "చెప్పు" అనడంలో తప్పు లేదు. "ఆదివారం తీసుకురా" అన్నదే తొందర.

మూడోతరం

గుండ్లకమ్మ ఒడ్డుగారు రాసింది బాగుంది. కానీ "తిండి పెట్టే చేయి చూసి వస్తున్నారా" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ కాలువ తవ్వినవారి వంశంలోవాణ్ణి నేను. మాదిగలం.

మా ముత్తాతల గురించి ఈ అనుమానం 150 ఏళ్ళుగా వింటున్నాం. బియ్యానికి వచ్చారు, పాలపొడికి వచ్చారు అని. క్లౌ ఒంగోలుకు వచ్చిన కొత్తలో, 1866లోనే, తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. ధాత కరువుకు పదేళ్ళ ముందు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి, అంతకు ముందే యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. ఆయన తన బంధువులకు చెప్పాడు, వాళ్ళు తమ వియ్యంకులకు చెప్పారు. అలా మాటమీద మాట పాకింది. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అని నిలబడ్డారు. మాదిగపల్లె బతుకులో ఆ మూడు మాటలకు అర్థం తెలుసా? ఊరితో తగవు. డప్పు కొట్టనన్నందుకు దెబ్బలు, బావి మూసేయడం. ఆశకు వచ్చినవాడు ఇంత మూల్యం ఇస్తాడా?

నేటికీ ఇస్తున్నాం. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం మతం మారిన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు, మాకు లేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషనే. ప్రలోభం అన్న మాట వాడేవారు ఈ లెక్క కూడా వేయాలి.

మల్లెపందిరి అక్కా, మీరు మంచి మనసుతోనే ఆగుతున్నారు. కానీ "ఆమె ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా చేస్తుంది" అని రాశారు. కష్టంలో ఉన్న మనిషికి ఆలోచన ఉండదని మీరు ఎలా అనుకున్నారు? మా వాళ్ళు జీవితమంతా కష్టంలోనే ఉన్నారు. కష్టం తీరాకే ఆలోచించాలంటే ఎప్పటికీ ఆలోచించి ఉండేవారు కాదు.

రాత్రిడ్యూటీ

నేను నర్సును, విశ్వాసిని. మూడోతరంగారి మాట నా గుండెకు తగిలింది. అయినా వార్డులో నేను చూసేది ఒకటి చెప్పాలి.

తేడా కష్టంలో లేదు, మంచంలో ఉంది. పేరయ్య తన కాళ్ళమీద తాను నడిచి వచ్చాడు. వెల్లంపల్లి జనాన్ని ఇళ్ళకు వెళ్ళమన్నా వెళ్ళలేదు. నా రోగి లేచి వెళ్ళలేడు. సెలైన్ నా చేతిలో ఉంది, నొప్పి మందు నా చేతిలో ఉంది. నేను ఏం చెప్పినా తల ఊపుతాడు. ఆ తల ఊపడాన్ని విశ్వాసం అనుకుంటే నన్ను నేనే మోసం చేసుకుంటాను. అందుకే డ్యూటీలో నేను నోరు విప్పను. ఎవరైనా అడిగితే ప్రార్థిస్తాను, అదీ పేరు పెట్టి, "ఈ పెద్దమ్మను" అని. డిశ్చార్జి అయ్యాక ఒకామె ఫోను చేసి, "ఆ రోజు నా దగ్గర ఏమని ప్రార్థించావు?" అని అడిగింది. అప్పుడు గంటసేపు చెప్పాను. ఆమె వినదలచుకోకపోతే ఫోను పెట్టేయవచ్చు. నాకు కావలసింది అదే.

అక్కా, మీరు నర్సు కాదు, పక్కింటి మనిషి. ఆమె మీ మాట కాదనగలదా? కాదన్నా రేపు మీ ఇంటికి కరివేపాకు కోసం రాగలదా? రాగలదనుకుంటే చెప్పండి.

పాతకీర్తన

చెల్లెమ్మ నర్సుగారి ప్రశ్న సరైనదే. వేపచెట్టునీడగారికి మాత్రం ఒక మాట బాకీ ఉన్నాను. అన్యులు అన్న మాట నేను ఆదివారపు బడిలో ఎన్ని వేలసార్లు పలికానో. ఎదుట కూర్చున్న తల్లి చెవిలో అది ఎలా పడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. మీ అమ్మగారి విషయంలో మమ్మల్ని క్షమించండి, బాబూ.

అజరయ్యగారు తలమీద చేయి పెట్టించి పలికించిన మాట గురించి రాశాను. ఆయనే 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో నిలబడి, మీరు మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. అది రాయకపోవడం నా పొరపాటు. అయినా ఆగమనడం దగ్గర నేను మీతో ఏకీభవించలేను. ఆగడం వల్ల ఏమవుతుందో నాకు తెలుసు.

వేపచెట్టునీడ

పెద్దవారు మీరు, క్షమించమని అడగడం నాకు ఇబ్బందిగా ఉంది. అమ్మ ఉంటే మీకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేది. మూడోతరంగారూ, మీరు రాసిన లెక్క నేను ఇంతవరకు వేయలేదు.

మల్లెపందిరి

అందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. నిన్న క్యారియర్ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. రాత్రిడ్యూటీగారి ప్రశ్న దారి పొడవునా తలలో తిరిగింది. బయట బెంచీమీద కూర్చుని అక్కతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను: "మా సంఘం వాళ్ళు నిన్ను ఆదివారం రమ్మంటున్నారు. నేను తీసుకువెళ్ళను. బావగారు లేచి తిరిగాక, నీకు నిజంగా రావాలనిపిస్తే అప్పుడు అడుగు. నేను ఎవరిని నమ్ముతానో, ఎందుకు నమ్ముతానో మాత్రం నీకు ఎప్పుడూ చెప్పలేదు. అది నా తప్పు. వినాలని ఉంటే చెబుతాను, వద్దంటే మానేస్తాను."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీ నాన్న పోయినప్పుడు నువ్వు ఏడుస్తూనే పాట పాడావు. అదెలా పాడగలిగావని అప్పటి నుంచి అడగాలనుకుంటున్నాను. నువ్వు ఏమనుకుంటావోనని అడగలేదు" అంది.

నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆ పాట గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఫిజియోథెరపీకి పిలిచారు. మిగతాది ఇంటికి వచ్చాక చెప్పమంది.