32 జీబీ కార్డు ఇమేజ్ ఇంకో 32 జీబీ కార్డులో పట్టడం లేదు

ప్రశ్న (కావలి): అన్నా, రొయ్యల గుంటల కాడ ఏరేటర్లు నడిపే రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (చిన్న కంప్యూటర్లు) 20 ఉండాయి. ఒక మెమరీ కార్డుకి డీడీ కమాండ్‌తో ఇమేజ్ (కార్డు మొత్తానికి నకలు ఫైల్) తీసి వేరే కంపెనీ కార్డులోకి రాస్తే చివర్లో స్థలం చాల్లేదంటోంది. ఏం చేయాల?

జవాబు (నెల్లూరు): 32 జీబీ అని రాసున్నా సెక్టార్ల (512 బైట్ల ముక్కల) లెక్క కంపెనీకొకటి. ఇమేజ్‌నే కుదించు తమ్ముడూ. లినక్స్‌లో లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డిస్కులా చూపించేది) తగిలించి, ఫైల్ సిస్టమ్‌లో తప్పులు సరిచేసే ఈ2ఎఫ్ఎస్‌సీకే నడుపు. తర్వాత రీసైజ్2ఎఫ్ఎస్‌తో ఫైల్ సిస్టమ్ దించు, వాడింది 3 జీబీ అయితే 4కి. ఆ తర్వాతే పార్టెడ్‌లో పార్టిషన్ (ఆ ఫైల్ సిస్టమ్ ఉండే డిస్కు భాగం) కొయ్యి, ఫైల్ సిస్టమ్ కంటే 100 ఎంబీ ఎక్కువే ఉంచు. ఈ వరుస తిరగేస్తే ఫైల్ సిస్టమ్ తోక తెగిపోద్ది. చివరికి ట్రంకేట్ కమాండ్‌తో ఇమేజ్ ఫైల్‌లో మిగిలింది కత్తిరించు. ఎన్ని బైట్లు ఉంచాలంటే, పార్టిషన్ ఆఖరి సెక్టార్ నంబరుకు 1 కలిపి 512తో గుణించు.

జవాబు (ఒంగోలు): ఆ లెక్క ఎంబీఆర్‌కే (పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి). జీపీటీ (కొత్త పద్ధతి) అయితే చివర బ్యాకప్ టేబుల్‌కి ఇంకో 33 సెక్టార్లు కావాలి. ఇమేజ్ తీసేముందు మెషీన్-ఐడీ (బోర్డు గుర్తింపు నంబరు) ఫైల్ ఖాళీ చెయ్యండి, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యేది) హోస్ట్ కీలు, అంటే బోర్డు ఏదో రుజువు చేసే రహస్య కీలు, తీసెయ్యండి. మొదటి బూట్‌లో ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌తో కొత్తవి పుట్టించాలి. లేకపోతే 20 బోర్డులకీ ఒకటే కీ, ఒక కార్డు ఎవరి చేతిలో పడినా అన్నిటికీ ముప్పే.

జవాబు (సింగరాయకొండ): గుంటల కాడ కరెంటు ఎప్పుడు పోతదో తెలీదు. కార్డు పాడవకుండా రాస్పీ-కాన్ఫిగ్‌లో (బోర్డు సెట్టింగుల టూల్) ఓవర్‌లే (రాసేది కార్డులోకి కాకుండా ర్యామ్‌లోకి పోయే పద్ధతి) ఆన్ చేసి, రీడింగులకు మాత్రం వేరే పార్టిషన్ పెట్టు. ఓవర్‌లేలో రాసిందంతా రీబూట్‌తో పోద్ది.