సిటిజన్‌షిప్ టెస్టుకి చరిత్ర బట్టీ పడితే చాలదా?

కావలి కుర్రాడు, ఎడిసన్:
2025 అక్టోబర్ 20 నుంచి ఎన్-400, అంటే అమెరికా పౌరసత్వం దరఖాస్తు, వేసినవాళ్లకి కొత్త టెస్ట్. 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. పాతదాంట్లో 100లోంచి 10, ఆరు చెబితే పాస్. మా నాన్నగారు 13 కాలనీల దగ్గర్నుంచి మార్టిన్ లూథర్ కింగ్ దాకా గడగడా అప్పజెప్పేస్తున్నారు. "అర్థం కాకుండా చదివి ఏం లాభం?" అని మా బావ ఒకటే గొడవ. పాసైతే చాలదా అండీ?

డల్లాస్ లక్ష్మి:
మీ బావగారిదే రైటు. పాత లిస్టులో సివిల్ వార్‌కి, అంటే అమెరికా అంతర్యుద్ధానికి, దారితీసిన ఒక సమస్య చెప్పమనే ప్రశ్న ఉంది. బానిసత్వం, ఆర్థిక కారణాలు, రాష్ట్రాల హక్కులు, ఏది చెప్పినా మార్కు పడుతుంది. కానీ 1861లో మిసిసిపీ రాష్ట్రం అమెరికా యూనియన్ నుంచి విడిపోతూ ఇచ్చిన ప్రకటన చదవండి. మా వైఖరి బానిసత్వంతోనే ముడిపడి ఉందని మొదట్లోనే రాసుకున్నారు. "రాష్ట్రాల హక్కులు" అని బట్టీ పట్టిన పెద్దాయనకి ఈ సంగతి ఎవరు చెప్తారు?

పాత కాపు:
లక్ష్మిగారూ, అదే మిసిసిపీలో ఓటు నమోదుకి "అర్థం చెప్పే" పరీక్షే పెట్టారు. రాష్ట్ర రాజ్యాంగంలో ఏ సెక్షన్ ఇవ్వాలో రిజిస్ట్రార్ ఇష్టం, చెప్పిన అర్థం సరిపోయిందో లేదో కూడా ఆయన ఇష్టమే. నల్లవాళ్లయితే చదువుకున్న టీచర్లు కూడా ఫెయిల్. 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చాకే వాటికి అడ్డుకట్ట పడింది. జవాబులు ముందే అచ్చేసి ఇచ్చిన పరీక్షలో ఆఫీసరు చేతివాటం అంతగా నడవదు. బట్టీని తక్కువ చేయకండి.
అన్నట్టు, అదే ఏడాది అక్టోబర్ 3న వలస చట్టం మార్చారు. అప్పటిదాకా ఇండియా నుంచి వలస వచ్చేవాళ్ల కోటా ఏడాదికి వంద మందే. మనలో ఎంతమంది పిల్లలకి ఈ సంగతి తెలుసు?

డల్లాస్ లక్ష్మి:
పరీక్ష అలాగే ఉండనివ్వండి, కాదనను. ఇంట్లో చెప్పుకోవడానికి ఏం అడ్డం? మీరిప్పుడు రాసిన రెండు తేదీలూ ఆ నాన్నగారికి చెబితే కింగ్ దేనికోసం పోరాడాడో అర్థమవుతుంది, ఆ ప్రశ్న బట్టీ పట్టక్కర్లేదు.

కావలి కుర్రాడు, ఎడిసన్:
చెప్తా అక్కా. ఇంతకీ తెలుగులో రాసే వీలుందా? ఆయనకి అరవై దాటాయి, గ్రీన్‌కార్డు వచ్చి ఆరేళ్లు.

పాత కాపు:
లేదు బాబూ. 55 దాటినవాళ్లకి గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లు నిండితేనే దుబాసీని పెట్టుకుని తెలుగులో చెప్పొచ్చు. రాయడం కాదు, ఆఫీసరు నోటితోనే అడుగుతాడు. ఇంగ్లీషులో గట్టిగా అప్పజెప్పించండి.