పట్టిన చేపను వదిలేయాలా, ఇంటికి తీసుకెళ్లాలా?

ప్రశ్న (చెరువుగట్టు):
రెండేళ్లుగా ఆదివారాలు మా ఊరి చెరువులో గాలం వేస్తున్నాను. మొదట్లో దొరికిన ప్రతి చేపనూ ఇంటికి తెచ్చేవాణ్ణి. నగరంలో పరిచయమైన మిత్రులు మాత్రం ఫొటో తీసుకుని నీళ్లలోకి వదిలేయడమే పద్ధతి అంటారు. ఈ మాట మా నాన్నగారికి మింగుడు పడదు. తినని చేప నోట్లో ముల్లు దించడం ఎందుకని అడుగుతారు. మొన్న వేసవిలో మూడు కిలోల బొచ్చె పడితే, పొడి తువ్వాలుతో పట్టుకుని, కొలిచి, ఫొటోలు తీసి వదిలాను. అది కాసేపు ఒక పక్కకు ఒరిగి ఈది, వెల్లకిలా తేలింది. అప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఏది సరైన పద్ధతి?

సమాధానం (గాలపుముల్లు):
మీ నాన్నగారి ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేను. వేసవిలో నీరు వేడెక్కితే అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. పెనుగులాడి అలసిన చేపకు అది ఎక్కువగా కావలసిన సమయంలోనే మనం దాన్ని గట్టు మీద ఉంచి ఫొటోలు తీస్తాం. పొడి తువ్వాలు దాని ఒంటి మీది జిగురును తుడిచేస్తుంది, జిగురు పోయిన చోట బూజు పట్టి పుండ్లు పడతాయి. వదలదలచుకుంటే ముల్లుకు ఉండే ఎదురు మొనను ముందే నొక్కేయండి, చేతులు తడుపుకోండి, చేపను నీళ్లలో ఉంచే ముల్లు తీయండి. ముల్లు గొంతులోకి దిగి నెత్తురు కారుతుంటే మాత్రం ఇంటికి తీసుకెళ్లి వండుకోండి.

నేను అసలు చెప్పదలచినది కొర్రమీను గురించి. వానలు పడ్డాక, నాచు పక్కన నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు, సన్నని చినుకులు పడుతున్నట్టు నీళ్లను కదిలిస్తూ తిరుగుతుంది. ఆ గుంపు కిందే పెద్ద చేప కాపలా కాస్తుంది. ఆ పిల్లల మధ్య ఎరగా రబ్బరు కప్పను వేస్తే పెద్ద చేప మీదపడేది ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవాలని. దాన్ని పది నిమిషాలు పక్కకు లాగి, ఎంత జాగ్రత్తగా వదిలినా, ఆలోగా మిగతా చేపలు పిల్లలను మింగేస్తాయి. గుంపు కనిపించిన చోట అసలు గాలమే వేయకూడదని నా అభిప్రాయం. ఆ పని చేసి, చేపను వదిలేశామని ఫొటోలు పెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సమాధానం (వలకాడు):
మాది చేపలు పట్టే కుటుంబం. ఊరి చెరువుల్లో బొచ్చె, రవ్వ, బంగారు తీగ పిల్లలను పోసి పెంచుకునేది సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలే కనుక, వదలాలా తినాలా అని ఆలోచించే ముందు సంఘాన్ని అడగడం న్యాయం. ఒప్పుకుంటే ధర చెల్లించి తీసుకెళ్లండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మాత్రం నీళ్లలోకి తిరిగి వదలకండి. దాని పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది, మన చేపలను అది బతకనివ్వదు. మన నాటు చేప మార్పుకూ దానికీ పోలిక ఉంటుంది కనుక, తేడా తెలిసినవారికి చూపించండి.

సమాధానం (మ్యూనిక్ నుంచి):
జర్మనీలో మీ నాన్నగారి మాటకు చట్టం బలం ఉంది. సహేతుకమైన కారణం లేకుండా జంతువుకు బాధ కలిగించకూడదు కనుక, వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపను పట్టడం ఇక్కడ తప్పు. నిర్ణీత కొలత కన్నా చిన్నదైతే, లేదా పట్టకూడని కాలమైతే వదలాలి. గాలం వేయడానికి పరీక్ష రాయాలి. చేపను ముందు తలపై కొట్టి స్పృహ తప్పించి, ఆ తరువాతే చంపాలని అందులో నేర్పుతారు.

సమాధానం (కావేరి ఒడ్డు):
వదిలేయడం వల్ల మేలు జరిగిన చోటు కూడా ఉంది. కావేరిలో గాలం వేసేవారి గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 దాకా పట్టి వదిలిన మహసీర్ అనే పెద్ద నది చేపల లెక్కలు రాసిపెట్టారు. చేపల సంఖ్య పెరుగుతున్నా, కావేరికే సొంతమైన మూపురపు మహసీర్ తగ్గిపోతూ, బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ దాని చోటు ఆక్రమిస్తోందని ఆ లెక్కల వల్లే తేలింది. 2018లో మూపురపు మహసీర్‌ను తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. అలాంటి చేపను తినడం నా దృష్టిలో క్షమించరానిది.

చెరువుగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. సంఘాన్ని అడగాలన్న ఆలోచన నాకు ఇన్నాళ్లూ రాలేదు; ఈ ఆదివారం గాలం తీసుకెళ్లకుండా వారిని కలుస్తాను. బొచ్చెల సంగతి వారు చెప్పినట్టే చేస్తాను. వానలు మొదలయ్యాక నాచు వైపు వెళ్లను.