భామాకలాపంలో మాటలు పాత్రధారులే పలకాలా, ముందుగా రికార్డు చేయించవచ్చా?

ప్రశ్న (నాట్యం నేర్చుకుంటున్న అమ్మాయి తల్లి, విజయవాడ)

పెద్దలకు నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ ఒక గురువు గారి వద్ద కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ ఏడాది వార్షికోత్సవంలో విడి అంశాలకు బదులుగా పెద్ద పిల్లల చేత, సత్యభామ కథ చెప్పే సంప్రదాయ నృత్యనాటకమైన భామాకలాపంలో 40 నిమిషాల భాగాన్ని వేయించాలని గురువు గారు సంకల్పించారు. సత్యభామ పాత్ర మా అమ్మాయికి వచ్చింది. అయితే పాటలతోపాటు మాటలను కూడా స్టూడియోలో రికార్డు చేయిస్తే, వేదిక మీద పిల్లలు పెదవులు కదిపితే చాలునని తల్లిదండ్రుల్లో కొందరు అంటున్నారు. ఆడుతూ మాట్లాడటం పిల్లలకు కష్టమని, మైకుల ఇబ్బంది కూడా తప్పుతుందని వారి అభిప్రాయం. పాత్రధారులే పలకడం వల్ల కథ చెప్పడంలో నిజంగా తేడా వస్తుందా? కూచిపూడితో పరిచయం లేని ప్రేక్షకులకు కథ అందాలంటే ఏ ఘట్టాలు ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కూచిపూడి అధ్యాపకురాలు, విజయవాడ)

అమ్మా, తేడా చాలా వస్తుంది. సిద్ధేంద్ర యోగి పేరిట మనకు దక్కిన ఈ కలాపంలో ఆంగిక (శరీర కదలికలు), వాచిక (మాట), ఆహార్య (వేషం), సాత్త్విక (మనోభావం) అభినయాలు నాలుగూ ఒకే పాత్రధారిలో కలవాలి. తెర వెనుక నుంచి జడను ముందుకు వేసి, తన విద్యకు సాటి ఎవరని సభను సవాలు చేసి, ప్రవేశ దరువుతో, అంటే రంగం మీదకు వస్తూ ఆడే పాటతో, తానెవరో తానే చెప్పుకొనే పాత్ర సత్యభామ. తన్ను తాను అంత ధీమాగా ప్రకటించుకొనే నాయిక నోట మరొకరి గొంతు వినిపిస్తే ఆ ప్రకటనకు బలం ఉండదు.

ఇంకా స్పష్టంగా తెలిసే చోటు భర్త పేరు అడిగే ఘట్టం. చెలికత్తె మాధవి ఆమెను భర్త పేరు చెప్పమంటుంది. పేరు పలకడానికి సిగ్గుపడిన సత్యభామ సైగలతో, గుర్తులతో తెలియజేయబోతుంది. మాధవి అర్థం కానట్టే మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. ఈ ఘట్టమంతా మాటల మధ్య ఉండే విరామాల మీదనే నిలుస్తుంది. సభలో నవ్వు లేస్తే మాధవి ఆగాలి, అది తగ్గుముఖం పట్టగానే మరో ప్రశ్న వేయాలి. రికార్డులో విరామం ముందే బిగిసిపోయి ఉంటుంది కనుక, అమ్మాయి చూపు పూర్తయినా కాకపోయినా తరువాతి మాట వచ్చి పడుతుంది. సిగ్గు, అలక, గర్వం ఒకదాని నుంచి మరొకదానికి మారే ఆ చిన్న సమయమే సాత్త్వికాభినయానికి దొరికే చోటు. దానిని పిల్లల నుంచి తీసివేయడం నాకు చాలా బాధగా తోస్తుంది.

వాచికం తగ్గించి గానానికి ప్రాధాన్యమిచ్చే మార్గమూ కూచిపూడిలో ఉన్నది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలు అందుకు ఉదాహరణ. అయితే వాటి రచన, సంగీతం ఆ పద్ధతికి అనుగుణంగానే రూపొందాయి. కలాపం నుంచి మాట తీసేస్తే ఆ ఖాళీని నింపేందుకు వేరే ఏర్పాటు ఏదీ లేదు. స్త్రీ పాత్రలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా అభినయించిన దృశ్యాలు దొరికితే అమ్మాయికి తప్పక చూపించండి.

జవాబు (మృదంగ కళాకారుడు, గుంటూరు)

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఆచరణకు సంబంధించిన మాట ఒకటి చెబుతాను. పిల్లలకు అసలు కష్టం గొంతు కాదు, ఊపిరి. దరువు చివర జతి (లయ అక్షరాల వరుసకు ఆడే నృత్తం) ముగిసి తీర్మానం (దాని ముగింపు) పడగానే మాట అందుకోమంటే పెద్దవారికైనా ఆయాసం వినిపిస్తుంది. తీర్మానం తరువాత వాద్యాలు ఒకటి రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) నెమ్మదిగా నడిచేలా కూర్చుకుంటే, ఆ వ్యవధిలో అమ్మాయి నడక మార్చి, నిలిచి, ఊపిరి తీసుకొని మాట మొదలుపెట్టగలదు. చూసేవారికి అది పాత్ర ఆలోచిస్తున్నట్టుగానే కనిపిస్తుంది. దరువులను గాయకురాలికి అప్పగించి, వచనం మాత్రం పిల్లల చేత పలికిస్తే భారం సగం తగ్గుతుంది. మాధవి పాత్రను సంప్రదాయంలో సూత్రధారుడే నిర్వహిస్తాడు కాబట్టి, దానిని గురువు గారే ధరిస్తే ఎక్కడ తడబడినా సర్దుకొనే వీలుంటుంది. దుస్తులకు తగిలించే మైకులు మాత్రం వద్దు; హారాల రాపిడికి మాట కంటే చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

జవాబు (నాటకాభిమాని, తెనాలి)

ఘట్టాల ఎంపిక గురించి నా అభిప్రాయం. 40 నిమిషాల్లో కథంతా చెప్పాలని చూస్తే ప్రతి ఘట్టమూ పరుగు పెడుతుంది. ప్రవేశ దరువు, భర్త పేరు, సత్యభామ కృష్ణుడికి రాసే లేఖ, ఆ లేఖను చేరవేయడానికి మాధవి ముక్కెర కోరే సంవాదం చాలును. రచనలోని భాషను సినిమా మాటల్లోకి మార్చకండి. ప్రేక్షకులకు అర్థం కాని చోట మాధవి ఉన్నదే. ఆమె వాడుక మాటలతో ఇటు నాయికను ఆటపట్టిస్తూ అటు సభకు విషయం విప్పి చెబుతుంది. ముందుగా ఒక వ్యాఖ్యాత వచ్చి కథ చదివి వినిపించే అవసరం నాకు కనిపించదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులను గురువు గారికి చదివి వినిపించాను. వచనం పిల్లలే పలకాలని, మాధవిగా తామే ఉంటామని వారు అన్నారు. మిగిలిన భయం లేఖ గురించి మాత్రమే. దీర్ఘ సమాసాలు వచ్చేసరికి అమ్మాయి మధ్యలో ఊపిరి కోసం ఆగి అర్థం చెడగొడుతోంది.

జవాబు (కూచిపూడి అధ్యాపకురాలు, విజయవాడ)

ముందు నాట్యం లేకుండా, కూర్చోబెట్టి చదివించండి. ప్రతి సమాసానికీ అర్థం అమ్మాయి తన మాటల్లో చెప్పగలిగాక, అర్థం విరిగే చోటనే ఊపిరి గుర్తులు పెట్టించండి. ఆ గుర్తులు స్థిరపడేదాకా హస్తాలు (చేతి ముద్రలు) కలపవద్దు. తరువాత గురువు గారు అభినయాన్ని ఆ విరామాలకు తగ్గట్టు సర్దుతారు.