సైలెన్సర్ ఒక్కటి మారిస్తే జెట్లు కూడా మార్చాల్సిందేనా?

బందరు_బుల్లెట్:
నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 29 ఎంఎం సీవీ కార్బ్ (గాలి లాగుడుకి లోపలి స్లైడ్ దానంతటదే లేచే కార్బ్యురేటర్). ఎయిర్ ఫిల్టర్ కంపెనీదే. పోయిన నెల ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగకి అడ్డు తక్కువ, మోత ఎక్కువ) వేయించాను. అప్పటి నుంచి 60లో యాక్సిలరేటర్ వదిలితే వెనక టపటపా పేలుళ్లు, దీపావళే. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపు హెడ్ దగ్గర నీలం తిరిగింది. మా మెకానిక్ "లీన్ అయిపోయింది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ పడటం లేదు, జెట్ కిట్ వేద్దాం" అన్నాడు. నేను ఆవేశపడి కొనేశాను కూడా. మూడు మెయిన్ జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రమున్న ఇత్తడి ముక్కలు), ఒక పైలట్ జెట్, స్లైడ్‌తో లేచి పెట్రోల్ దారి తెరిచే ఐదు గాట్ల నీడిల్, మెత్తటి స్ప్రింగ్, స్లైడ్ రంధ్రం పెద్దది చేయడానికి ఒక డ్రిల్ బిట్ వచ్చాయి. ఇంకో మెకానిక్ మాత్రం కార్బ్ జోలికే వెళ్లొద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గోదారి_గేర్లు:
వేసెయ్ బ్రో. పొల్యూషన్ నిబంధనల కోసం స్టాక్‌లోనే లీన్‌గా పెట్టి పంపుతారు. దానికి తోడు ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. అచ్చం పెట్రోల్ అయితే కేజీకి 14.7 కేజీల గాలి కావాలి, ఈ20కి (ఆ 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి) సుమారు 13.5 చాలు. అంటే అంతే గాలికి 9 శాతం దాకా ఎక్కువ ఇంధనం పడాలి. ఇంజెక్షన్ బండి ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. ఇత్తడి జెట్టు ఎలా సర్దుకుంటుంది?

స్పానర్_మావయ్య:
తమ్ముడూ, ముందు ఆ డ్రిల్ బిట్ ఎక్కడైనా దాచిపెట్టు.

నీ బండి పేలుతున్నది యాక్సిలరేటర్ మూసినప్పుడు. ఆ సమయంలో మెయిన్ జెట్ నుంచి చుక్క కూడా రాదు. పావు థ్రాటిల్ దాకా పైలట్ సర్క్యూట్‌దే పెత్తనం, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది, ఆపైన మెయిన్ జెట్‌ది. హద్దులు కాస్త కలుస్తాయి, లేవని కాదు. కానీ మూసినప్పుడు వచ్చే శబ్దానికి మెయిన్ జెట్ మార్చడమంటే బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

అసలు ఆ శబ్దం ఎలా వస్తుందో చూడు. థ్రాటిల్ మూయగానే సిలిండర్‌లో మంట సరిగా అంటుకోదు, కాలని పెట్రోల్ ఆవిరి పైపులోకి పోతుంది. అక్కడ దానికి కొత్త గాలి తగిలితే వేడికి అంటుకుంటుంది. ఆ గాలి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, బెండ్ పైపు ప్యాకింగ్ లీక్. సైలెన్సర్ మార్చేటప్పుడు బెండ్ పైపు కదిలి ఉంటుంది, పాత ప్యాకింగే మళ్లీ బిగించి ఉంటారు. నీలం రంగు సరిగ్గా హెడ్ దగ్గరే అంటున్నావు కాబట్టి నా అనుమానం దాని మీదే. రెండోది, మీ మోడల్‌కి పీఏవీ (ఎగ్జాస్ట్‌లోకి గాలి వదిలే వాల్వ్) ఉంటే అది పని గట్టుకుని గాలి పంపుతుంది. పొగ శుభ్రంగా ఉండాలని పెట్టిందే అది. కంపెనీ సైలెన్సర్ ఆ శబ్దాన్ని మింగేసేది, ఇది మింగదు.

తెల్లవారి బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఆ జాయింట్ దగ్గర సబ్బు నురగ రాయి. బుడగలు వస్తే కిట్ సంగతి తర్వాత.

ఓఆర్ఆర్_రైడర్:
ముందు ఆ సైలెన్సర్ సంగతి చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారి దొరికితేనే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. లైసెన్స్ మూడు నెలలు పోతుంది.

గోదారి_గేర్లు:
అది వేరే చర్చ అన్నా. మావయ్యా, మీరన్న లీక్ నిజమే అనుకుందాం. మరి ఎగ్జాస్ట్ తేలికైతే గాలి ఎక్కువ లాగదా? దానికి పెట్రోల్ ఎక్కడి నుంచి వస్తుంది?

స్పానర్_మావయ్య:
అదే గాలి తెచ్చుకుంటుంది. గాలి వేగం పెరిగితే వెంచురీలో, అంటే కార్బ్ ఇరుకు గొంతులో ఒత్తిడి తగ్గుతుంది, జెట్ నుంచి పెట్రోల్ ఎక్కువ లాగుతుంది. కార్బ్ పుట్టిందే అందుకు. తూచినట్టు సర్దుకోదు, ఒప్పుకుంటాను. కానీ ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ పెట్టె) ముట్టుకోకుండా సైలెన్సర్ ఒక్కటే మార్చిన 346 సీసీ, 19.8 బీహెచ్‌పీ బండికి మూడు మెయిన్ జెట్ల కిట్ అవసరం నాకైతే కనబడలేదు. ఎయిర్‌బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్ పెడితే అప్పుడు నీతో వాదించను.

ప్లగ్_చూసేవాడు:
నేను కిట్ బాధితుణ్ణి, నా గోడు కూడా వినండి. జెట్, నీడిల్, స్ప్రింగ్, స్లైడ్ డ్రిల్లింగ్ అన్నీ ఒకే ఆదివారం చేసేశాను. 40 దగ్గర బండి గొంతులో ముద్ద అడ్డం పడినట్టు ఆగి ఆగి లాగేది. ఏది తప్పో ఎలా తెలుస్తుంది? నాలుగూ మార్చాను కదా! జెట్ వెనక్కి పెట్టొచ్చు, రంధ్రం పూడ్చలేం. కొత్త స్లైడ్ కొన్నాను.

ఇంకో మాట. నంబర్లు చూసి మోసపోకండి. మికుని కంపెనీ గుండ్రటి తల, ఆరు పలకల తల జెట్ల నంబర్లు ఒకే లెక్కలో ఉండవు. కెయిహిన్ కంపెనీ నంబర్ రంధ్రం వ్యాసాన్ని బట్టి. వ్యాసం 5 శాతం పెరిగితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది. నకిలీ జెట్లయితే నంబరే ఒక అబద్ధం.

గోదారి_గేర్లు:
సరే, జెట్ వద్దు. లీనో కాదో ఎలా తేల్చాలి? ప్లగ్ తెల్లగా ఉంటే లీన్ కాదా?

ప్లగ్_చూసేవాడు:
ఇంటి ముందు ఐడ్లింగ్‌లో తీసి చూస్తే నల్లగానే ఉంటుంది, దానికి అర్థం లేదు. కొత్త ప్లగ్ వేసి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు లాగి, అదే థ్రాటిల్‌లో క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కి, అక్కడే ప్లగ్ తీసి చూడాలి. అప్పుడు తెలిసేది మెయిన్ జెట్ సంగతి మాత్రమే.

పైలట్‌కి సులువైన దారి పొల్యూషన్ సెంటర్. ఐడ్లింగ్‌లో పొగలో సీవో (కార్బన్ మోనాక్సైడ్) ఎంతో అక్కడి మీటరే చెబుతుంది, లీన్ అయితే అది తగ్గుతుంది. మీ 2014 బండికి హద్దు 3.5 శాతం. 2 నుంచి 3 మధ్య పెట్టుకుంటే ఇంజన్ హాయిగా తిరుగుతుంది. పీఏవీ గొట్టం మూసి కొలవండి, లేకపోతే ఆ గాలి కలిసి తక్కువ చూపిస్తుంది. ప్యాకింగ్ లీక్ ఉన్నా అంతే.

స్పానర్_మావయ్య:
ఈ కార్బ్‌కి పైలట్ పెట్రోల్‌ని సర్దే మిక్స్చర్ స్క్రూ ఇంజన్ వైపు ఉంటుంది, విప్పితే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ కార్బ్‌కి అది ఎయిర్ స్క్రూ, విప్పితే లీన్. పాత అలవాటున్న చేతులు ఇక్కడే తడబడతాయి. ఎన్ని చుట్లు ఉందో రాసుకున్నాకే తిప్పు.

బందరు_బుల్లెట్:
పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించండి. సబ్బు నురగ రాస్తే బుడగలే బుడగలు! ప్యాకింగ్ మార్చాను, సగం పైగా శబ్దం పోయింది. పొల్యూషన్ సెంటర్ ఆయన్ని బతిమాలి పీఏవీ మూసి కొలిపిస్తే సీవో 0.9. స్క్రూ ముప్పావు చుట్టు విప్పితే 2.4కి వచ్చింది. ఇప్పుడు ఎప్పుడో ఒకసారి టప్‌మంటుంది, అంతే. కానీ నాలుగో గేర్‌లో 50 నుంచి 70కి లాగేటప్పుడు కొంచెం నీరసం మిగిలింది. స్టాక్ నీడిల్ కింద అర మిల్లీమీటర్ వాషర్ వేస్తే అదీ పోయింది. మెయిన్ జెట్ ముట్టుకోలేదు. ఫుల్ థ్రాటిల్‌లో చూడటానికి మా రోడ్ల మీద గేదెలు ఒప్పుకోవడం లేదు.

గోదారి_గేర్లు:
స్క్రూ విప్పావు, నీడిల్ లేపావు. రెండూ రిచ్ చేయడమే. లీన్ అని నేను మొదటి రోజే చెప్పాను.

స్పానర్_మావయ్య:
కిట్ వేసెయ్ అన్నావు నాయనా. వాషర్ రెండు రూపాయలు.

గోదారి_గేర్లు:
మెయిన్ జెట్ ఇంకా తేలలేదు మావయ్యా, గేదెలు పక్కకి జరగనివ్వండి.

బందరు_బుల్లెట్:
కిట్ షాపువాడు వెనక్కి తీసుకోనంటున్నాడు. ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇస్తాను. డ్రిల్ బిట్ మాత్రం లేదు, నాన్న గోడకి క్యాలెండర్ మేకు కోసం వాడేశాడు.